వయసు గీతకు ఇవతలి పిల్లలు: నడివయసు డిమెన్షియా చరిత్రలో సంతానం స్థానం (1901–2024)

వ్యాససంగ్రహం

డిమెన్షియా అనగానే వృద్ధాప్యం గుర్తుకు వస్తుంది. అయితే ఆల్‌జీమర్స్ వ్యాధికి ఆ పేరు రావడానికి కారణమైన తొలి రోగి 51 ఏళ్ల గృహిణి, ఒక కూతురికి తల్లి. నడివయసులో మతిక్షీణతకు లోనైన తల్లిదండ్రుల సంతానం వైద్యచరిత్రలో ఏ రూపాల్లో కనిపించింది, ఎక్కడ కనుమరుగైంది అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. ఫ్రాంక్‌ఫర్ట్, న్యూయార్క్, నాటింగ్‌హాం, కొలంబియాలోని ఆంతియోకియా ప్రాంతాలకు చెందిన ఉదంతాలను కాలక్రమంలో చర్చించి, హైదరాబాదు అధ్యయనం, భారతీయ చట్టాలు, తెలుగు పలుకుబడి వెలుగులో ఆ ప్రశ్నను మన సమాజానికి అన్వయిస్తుంది. ఈ వ్యాధి జ్ఞానంలో ముఖ్యమైన భాగం సంతానం ద్వారానే సమకూరింది. అయినా వయసు ఆధారంగా ఏర్పడిన వర్గీకరణలు, ఆ ఇళ్లలో పెరుగుతున్న మైనరు పిల్లలను లెక్కకు అందకుండా చేశాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నడివయసు డిమెన్షియా, ఆల్‌జీమర్స్ వ్యాధి, వైద్యచరిత్ర, బాల్యం, సంరక్షణ, వయో వర్గీకరణ, వంశపారంపర్యం.

1. ఉపోద్ఘాతం

65 ఏళ్ల లోపు లక్షణాలు మొదలైన డిమెన్షియాను వైద్యులు నడివయసు డిమెన్షియాగా పరిగణిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం మొత్తం డిమెన్షియా రోగుల్లో ఇటువంటివారు గరిష్ఠంగా 9 శాతం. 2021లో వెలువడిన ఒక సమగ్ర పరిశీలన, 30–64 ఏళ్ల మధ్యవారిలో ప్రతి లక్షమందికి 119 మంది చొప్పున, ప్రపంచవ్యాప్తంగా సుమారు 39 లక్షల మంది ఈ స్థితిలో ఉన్నారని లెక్కగట్టింది. నిష్పత్తిగా చూస్తే ఇది చిన్న భాగం. కానీ ఈ భాగంలోని రోగి ఉద్యోగంలో ఉంటారు, ఇంటి అప్పు తీరుస్తూ ఉంటారు, పిల్లల్ని బడికి పంపుతూ ఉంటారు. ఎనభై ఏళ్ల రోగికి సంతానం అంటే నడివయసు కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు. నలభై ఎనిమిదేళ్ల రోగికి సంతానం అంటే హైస్కూలు పిల్లలు.

ఈ తేడా వైద్యశాస్త్రానికి చిన్నదే కావచ్చు. రెండు సందర్భాల్లోనూ మెదడులో జరిగే మార్పులు దాదాపు ఒకటే. కుటుంబ చరిత్రకు మాత్రం ఇది పెద్ద తేడా. మొదటి సందర్భంలో సంతానం తాము ఎరిగిన తల్లిని లేదా తండ్రిని పోగొట్టుకుంటుంది. రెండవ సందర్భంలో ఆ ఎరుక పూర్తిగా ఏర్పడకముందే క్షీణత మొదలవుతుంది. ఈ రెండవ కోవ పిల్లలు గత నూట ఇరవై ఏళ్ల వైద్యచరిత్రలో ఎప్పుడు కనిపించారు, ఎవరి కంటికి కనిపించారు, ఏ పేరుతో కనిపించారు అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

2. ఫ్రాంక్‌ఫర్ట్ దస్త్రం (1901–1910)

1901 నవంబరు 25న ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక రోగుల, మూర్ఛరోగుల చికిత్సాలయంలో ఆగుస్టె డేటర్ అనే స్త్రీని చేర్చారు. ఆమె 1850 మే 16న కాసెల్ నగరంలో పుట్టింది. భర్త కార్ల్ రైల్వే గుమాస్తా. 1873లో వారి వివాహం జరిగింది. వారికి ఒక కూతురు, పేరు థెక్లా. ఆ ఏడాది వసంతంలో ఆగుస్టెకు భర్త మీద అకారణమైన అనుమానం మొదలైంది. తరువాత జ్ఞాపకశక్తి తగ్గింది, వంట తప్పులు పోయింది, ఇంట్లో వస్తువులు ఎక్కడెక్కడో దాచడం అలవాటైంది. చేరిన మర్నాడు అలోయిస్ ఆల్‌జీమర్ ఆమెను పరీక్షించి ప్రశ్నలు, జవాబులు రాసుకున్నాడు. ఇంటిపేరు అడిగితే ఆమె తన పేరే చెప్పింది. భోజనంలో ఏమి తింటున్నావంటే పళ్లెంలో లేని కూర పేరు చెప్పింది.

1906 ఏప్రిల్ 8న ఆమె మరణించింది. అప్పటికి మ్యూనిక్‌లో పనిచేస్తున్న ఆల్‌జీమర్ ఆమె మెదడును తెప్పించుకొని సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. అదే ఏడాది నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన మానసిక వైద్యుల సమావేశంలో తన పరిశీలనను వివరించాడు. సభ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, చర్చ జరగలేదు. 1910లో ఎమిల్ క్రెపెలిన్ తన మానసిక వైద్య గ్రంథం ఎనిమిదవ ముద్రణలో ఈ స్థితికి ఆల్‌జీమర్ పేరు పెట్టాడు. ముదిమిలో మతి తగ్గడం అప్పటికే అందరికీ తెలిసిన సంగతి. ముదిమి రాకముందే మతి తగ్గడం కొత్త వ్యాధిగా తోచింది. ఆ కొత్తదనానికి ప్రమాణం వయసు. ఈ విధంగా ఆల్‌జీమర్స్ వ్యాధి పుట్టుకలోనే నడివయసు వ్యాధి.

ఆగుస్టె దస్త్రం చాలాకాలం కనిపించకుండా పోయి 1995 డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దొరికింది. కోన్రాడ్ మౌరర్ బృందం 1997లో దాని వివరాలను వైద్య పత్రికలో ప్రకటించింది. అందులో రోగి మాటలున్నాయి, వైద్యుడి ప్రశ్నలున్నాయి, ఆమె చేతిరాత నమూనాలున్నాయి. ఇంటి చరిత్ర భర్త చెప్పిన మేరకే ఉంది. కూతురు ఆ చరిత్రలో కుటుంబ వివరంగా మాత్రమే మిగిలింది. తల్లి మారుతున్న కాలంలో కూతురు ఏమి చూసింది, ఏమి చేసింది అన్నది వైద్యుడికి అవసరమైన ప్రశ్న కాలేదు. ఆనాటి వైద్య దస్త్రం ధర్మమే అది. రోగిని వర్ణించడం దాని పని, ఇంటిని వర్ణించడం కాదు. కాకపోతే ఆ ధర్మం తరువాతి శతాబ్దానికంతా నమూనాగా నిలిచింది.

3. 1976: చెరిగిన గీత, మాయమైన పిల్లలు

వ్యాధి నడివయసుకే పరిమితమన్న అభిప్రాయం అరవై ఏళ్లకు పైగా సాగింది. 1960లలో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో బ్లెస్డ్, టామ్‌లిన్సన్, రోత్ అనే ముగ్గురు పరిశోధకులు వృద్ధాప్యంలో మతి కోల్పోయినవారి మెదళ్లలోనూ ఆల్‌జీమర్ వర్ణించిన మార్పులే ఉన్నాయని చూపారు. 1976లో అమెరికన్ నాడీవైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ ఒక సంపాదకీయంలో నడివయసు ఆల్‌జీమర్స్, వృద్ధాప్య డిమెన్షియా రెండూ ఒకటేనని, రెంటినీ కలిపి లెక్కిస్తే ఇది ప్రధాన మరణ కారణాల్లో ఒకటని వాదించాడు. అప్పటికి రెండేళ్ల ముందు, 1974లో, అమెరికాలో జాతీయ వృద్ధాప్య సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ పరిశోధనలో ఆల్‌జీమర్స్ ప్రధానాంశమయింది. వయసు గీత చెరగడంతో ఒక అరుదైన రోగం లక్షలమంది వృద్ధుల వ్యాధిగా మారింది. నిధులు, సంస్థలు, ప్రజల్లో అవగాహన అన్నీ ఈ ఏకీకరణ ఫలితాలే.

ఈ ఏకీకరణకు మరో పార్శ్వం ఉంది. ఏ వయసువారి కోసం ఆ వ్యాధికి పేరు పెట్టారో, ఆ వయసువారే దాని ముఖచిత్రం నుంచి తొలగిపోయారు. అమెరికాలో వృద్ధుల సేవల చట్టం 1965 నాటిది. దాని సేవలకు మూలప్రమాణం 60 ఏళ్లు. యాభై ఏళ్ల రోగి కుటుంబం ఆ గడప దాటలేకపోయింది. ఉద్యోగం కోల్పోయిన నడివయసు ఆల్‌జీమర్స్ రోగులకు అంగవైకల్య భృతి త్వరగా అందేలా ఆ దేశపు సామాజిక భద్రతా విభాగం నిబంధన చేర్చింది 2010లో, అంటే కాట్జ్‌మన్ సంపాదకీయం వెలువడిన 34 ఏళ్లకు.

అదే 1976 జనవరిలో లండన్ హీత్రో విమానాశ్రయంలో ఒక ప్రసిద్ధ నటి అయోమయంగా, చెదిరిన వేషంతో విమానం దిగింది. ఆమె రీటా హేవర్త్, వయసు 57. పత్రికలు ఆ ఫోటోలు అచ్చువేసి ఆమె మద్యం మత్తులో ఉందని రాశాయి. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఆమె సంభాషణలు గుర్తుపెట్టుకోలేక అవస్థపడుతోంది. వ్యాధి నిర్ధారణ 1980లో గాని జరగలేదు. మరుసటి సంవత్సరం న్యాయస్థానం ఆమె బాధ్యతను కూతురు యాస్మిన్ ఆగాఖాన్‌కు అప్పగించింది. 1949 డిసెంబరులో పుట్టిన యాస్మిన్ వయసు అప్పటికి 31. తల్లిలో మార్పు వస్తున్న కాలం, కూతురు ఎదుగుతున్న కాలం ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఆ కాలంలో తల్లి ప్రవర్తనకు లోకం ఇచ్చిన వివరణ తాగుడు.

1987 మే 14న హేవర్త్ మరణించింది. యాస్మిన్ ఆగాఖాన్ ఈ వ్యాధి పరిశోధన కోసం విరాళాలు సేకరించింది, అమెరికన్ చట్టసభ సంఘాల ముందు మాట్లాడింది, అంతర్జాతీయ ఆల్‌జీమర్స్ సమాఖ్యకు అధ్యక్షురాలిగా పనిచేసింది. సంతానం గొంతు ఈ వ్యాధి చరిత్రలో బహిరంగంగా, బలంగా వినిపించిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అయితే ఆ గొంతు వయోజనురాలైన కూతురిది, సంరక్షకురాలిది. తప్పుడు నిర్ధారణల మధ్య పెరిగిన అమ్మాయి అనుభవం, సంరక్షకురాలి కథకు నేపథ్యంగానే మిగిలింది.

4. నాటింగ్‌హాం: ఉత్తరం రాసిన కూతురు

1980ల మధ్యలో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి పరిశోధకులు, వంశపారంపర్యంగా ఆల్‌జీమర్స్ కనిపించే కుటుంబాల కోసం ప్రకటన ఇచ్చారు. నాటింగ్‌హాం ప్రాంతానికి చెందిన కరోల్ జెన్నింగ్స్ 1986లో వారికి ఉత్తరం రాసింది. ఆమె ఉపాధ్యాయురాలు, వయసు ముప్పై దాటింది. తండ్రికి యాభైల్లో మతి తప్పడం మొదలైంది, ఆయన తోబుట్టువుల్లోనూ అదే జరుగుతోంది. ఇది యాదృచ్ఛికం కాదని, తన కుటుంబం పరిశోధనకు ఉపయోగపడవచ్చని ఆమె భావించింది.

ఆ కుటుంబ సభ్యులు ఇచ్చిన రక్త నమూనాల ఆధారంగా 1991లో అలిసన్ గోట్, జాన్ హార్డీ తదితరులు ఆల్‌జీమర్స్‌కు కారణమయ్యే తొలి జన్యు ఉత్పరివర్తనాన్ని ప్రకటించారు. 21వ క్రోమోజోమ్ మీద ఉన్న అమిలాయిడ్ పూర్వగామి ప్రొటీన్ జన్యువులో 717వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారిందని వారు కనుగొన్నారు. మెదడులో అమిలాయిడ్ పేరుకోవడమే వ్యాధికి మూలమన్న సిద్ధాంతం ఆ మరుసటి సంవత్సరం రూపుదిద్దుకుంది. గత మూడు దశాబ్దాల ఔషధ పరిశోధనలో అధికభాగం ఆ సిద్ధాంతం నుంచి పుట్టినదే.

ఇక్కడ గమనించవలసినది ఆవిష్కరణలో కూతురి పాత్ర. ఇంట్లో తరాలుగా జరుగుతున్నదాన్ని పక్కపక్కన పెట్టి చూసి, ఇది ఒక క్రమమని గుర్తించింది ఆమె. ఫ్రాంక్‌ఫర్ట్ దస్త్రంలో మౌనంగా ఉన్న స్థానం నాటింగ్‌హాంలో వాదనగా మారింది. ఆ వాదనకు ఆమె మూల్యం కూడా చెల్లించింది. తండ్రి నుంచి ఆ జన్యువు వచ్చే అవకాశం ఆమెకు సగానికి సగం. పరీక్ష చేయించుకోకూడదని ఆమె నిశ్చయించుకుంది. 2012 ప్రాంతంలో, యాభైల చివరలో, ఆమెకు లక్షణాలు కనిపించాయి. 2024 మార్చిలో 70వ ఏట మరణించింది. తన మెదడును పరిశోధనకు దానం చేసింది. ఉత్తరం రాసిన కూతురు, కాలక్రమంలో, ఉత్తరంలో వర్ణించిన రోగి అయింది. ఆమె పిల్లలు ఆమె ఒకప్పుడు నిలబడ్డ చోట నిలబడ్డారు.

5. ఆంతియోకియా: వాహకులుగా పిల్లలు

కొలంబియాలోని ఆంతియోకియా కొండప్రాంతంలో, యారుమాల్ తదితర ఊళ్లలో, నలభైల్లో మతి కోల్పోయేవారిని గురించి జనం చాలాకాలంగా ఎరుగుదురు. దానికి వారు పెట్టుకున్న పేరు ‘లా బొబేరా’, అంటే వెర్రితనం. శాపమని కొందరు, చేతబడి అని కొందరు చెప్పుకునేవారు. 1980లలో మెదెయిన్ నగరపు నాడీవైద్యుడు ఫ్రాన్సిస్కో లొపేరా ఈ కుటుంబాలను అధ్యయనం చేయడం మొదలుపెట్టాడు. నర్సు లుసియా మాద్రిగాల్ చర్చిల్లోని జనన, వివాహ, మరణ నమోదులను వెదికి వంశవృక్షాలు తయారుచేసింది. వేల మంది సభ్యులున్న ఒక విశాల బంధువర్గం బయటపడింది. 1995లో ప్రెసెనిలిన్–1 జన్యువును కనుగొన్న తరువాత, ఈ కుటుంబాల్లో దాని 280వ స్థానంలో మార్పు ఉన్నట్లు తేలింది. ఆ మార్పు ఉన్నవారిలో జ్ఞాపకశక్తి లోపం సగటున 44వ ఏట, డిమెన్షియా 49వ ఏట మొదలవుతాయి.

2013లో ఇక్కడ ఒక నివారణ పరీక్ష ప్రారంభమైంది. లక్షణాలు ఇంకా రానివారికి క్రెనెజుమాబ్ అనే మందు ఇచ్చి చూడడం దాని ఉద్దేశం. 252 మంది పాల్గొన్నారు. వారిలో జన్యువు లేనివారిని కూడా చేర్చి, వారికి మందులేని ఇంజెక్షన్ ఇచ్చారు. పరీక్షలో చేరినంత మాత్రాన తమకు ఆ జన్యువు ఉందని ఎవరికీ తెలియకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు. 2022లో ఫలితాలు వచ్చాయి. మందు వల్ల గణాంకపరంగా చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. ఇదే బంధువర్గంలోని ఆలిరియా రోసా పియెద్రాయితా అనే స్త్రీకి ఆ ఉత్పరివర్తనం ఉన్నా డెబ్బైల వరకూ మతి చెడలేదు. ఆమెలో ఉన్న మరో అరుదైన జన్యుభేదం ఆమెను కాపాడిందన్న 2019 నాటి పరిశోధన, చికిత్సకు కొత్త దారి చూపింది.

ఈ చరిత్రలో పిల్లలు నేరుగా ప్రవేశించినది 2015లో. 9 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 37 మంది బాలబాలికల రక్తాన్ని, మెదడు చిత్రాలను పరిశోధకులు పరిశీలించారు. వారిలో 18 మంది వాహకులు, 19 మంది కానివారు. వ్యాధి రావడానికి మూడు దశాబ్దాల ముందే వాహకుల్లో కొన్ని జీవరసాయన తేడాలు కనిపించాయి. వైద్యశాస్త్రం దృష్టిలో ఇది విలువైన ఫలితం. బాల్య చరిత్ర దృష్టిలో మరో సంగతి ముఖ్యం. ఆ 37 మందీ ఈ వ్యాధి నీడలో బతుకుతున్న బంధువర్గానికి చెందినవారు. ఆ పత్రంలో వారు భవిష్యత్తు రోగులుగా, లేదా వారితో పోల్చి చూడవలసినవారుగా కనిపిస్తారు. వర్తమానంలో వారు ఎవరి పక్కన కూర్చుని అన్నం తింటున్నారు, ఎవరి వెనక తిరుగుతున్నారు అన్నది ఆ అధ్యయనం పరిధిలో లేదు.

2008లో అమెరికా కేంద్రంగా మొదలైన వంశపారంపర్య ఆల్‌జీమర్స్ అంతర్జాతీయ అధ్యయనంలో ఈ దృష్టి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2012లో ప్రకటించిన దాని ఫలితాల ప్రకారం వెన్నెముక ద్రవంలో మార్పులు లక్షణాలకు సుమారు 25 ఏళ్ల ముందే మొదలవుతాయి. ఆ 25 ఏళ్లను లెక్కించిన పద్ధతి గమనార్హం. పాల్గొన్న వ్యక్తికి వ్యాధి ఎప్పుడు వస్తుందన్నది తల్లికి లేదా తండ్రికి లక్షణాలు మొదలైన వయసును బట్టి నిర్ణయించారు. తండ్రికి 46 ఏళ్లకు మొదలైతే, 30 ఏళ్ల కొడుకు ‘మైనస్ 16’ దగ్గర ఉన్నట్లు. తల్లిదండ్రుల వయసు సంతానానికి గడియారమైంది. శాస్త్రవేత్తలు ఈ కొలతను ప్రతిపాదించడానికి చాలా ముందే ఇటువంటి ఇళ్లలో పెరిగినవారు ఆ లెక్క వేసుకుంటూనే ఉన్నారు. జన్యు పరీక్ష విషయంలో మాత్రం పిల్లలకు ఒక రక్షణ ఏర్పడింది. హంటింగ్టన్ వ్యాధికి 1994లో రూపొందిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, మైనర్లకు ముందస్తు పరీక్ష చేయరాదన్నాయి. ఆ సూత్రమే ఆల్‌జీమర్స్‌కూ వర్తించింది. తెలుసుకోకుండా ఉండే హక్కు వారికి దక్కింది.

జన్యు చరిత్ర ఎంత ముఖ్యమైనా, అది నడివయసు డిమెన్షియాలో చిన్న భాగానికే చెందుతుంది. అధికశాతం కుటుంబాల్లో ఇటువంటి ఏక జన్యు కారణం ఉండదు. అటువంటి ఇంటి పిల్లలు పరిశోధకుల దృష్టికి వాహకులుగా కూడా రారు.

6. నిర్ధారణకు ముందటి కాలం

నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక అధ్యయనం (2013) ప్రకారం లక్షణాలు మొదలైన నాటి నుంచి నిర్ధారణ జరిగేసరికి వృద్ధ రోగులకు సగటున 2.8 ఏళ్లు పడితే, నడివయసు రోగులకు 4.4 ఏళ్లు పట్టింది. కారణాలు ఊహించదగినవే. ఆ వయసులో మతి చెడుతుందని ఎవరూ అనుకోరు. కుంగుబాటు, ఉద్యోగ ఒత్తిడి, దాంపత్య కలహం, మద్యపానం, స్త్రీలలో ఋతుక్రమం ఆగే దశ అన్న వివరణలు ముందుకు వస్తాయి. పైగా ఈ వయసులో మెదడు ముందరి, పక్క భాగాలను దెబ్బతీసే రకం డిమెన్షియా వృద్ధులలో కంటే ఎక్కువ నిష్పత్తిలో కనిపిస్తుంది. అందులో జ్ఞాపకశక్తి కంటే ముందు స్వభావం మారుతుంది. సున్నితంగా మాట్లాడే తండ్రి నోరు పారేసుకుంటాడు. లెక్క తప్పని తల్లి అవసరం లేనివన్నీ కొంటుంది.

ఈ 4.4 ఏళ్లను బాల్యపు కొలతలో చూడాలి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉండే కాలం అది. ఆ కాలమంతా బిడ్డ దృష్టిలో తండ్రి రోగి కాడు. మారిపోయిన మనిషి. తనను బడి నుంచి తీసుకురావడం మరిచిపోయినవాడు, నిన్న మాట ఇచ్చి ఈరోజు ఇవ్వలేదన్నవాడు. నిర్ధారణ జరిగాక పెద్దలు వెనక్కి తిరిగి ఆ సంఘటనలకు కొత్త అర్థం చెప్పుకోగలరు. బిడ్డ మాత్రం వాటిని నిర్లక్ష్యంగానో, కోపంగానో, తన తప్పుకు శిక్షగానో అప్పటికే అనుభవించి ఉంటుంది. నిర్ధారణ ముందుగా జరగడానికి పరిశోధకులు చెప్పే ప్రయోజనాల్లో చికిత్స, ఆస్తి ఏర్పాట్లు ఉంటాయి. బిడ్డకు ఆ వివరణ సకాలంలో అందడం కూడా వాటిలో చేరవలసిన ప్రయోజనం.

మనిషి ఎదుట ఉండగానే అతణ్ణి కోల్పోయే ఈ స్థితిని అమెరికన్ కుటుంబ శాస్త్రవేత్త పాలీన్ బాస్ అస్పష్ట వియోగంగా సిద్ధాంతీకరించింది. ఆమె గ్రంథం 1999లో వెలువడింది. మరణానికి కర్మకాండ ఉంది, పలకరింపులున్నాయి, సెలవులున్నాయి. ఈ వియోగానికి అటువంటివేవీ లేవు. దుఃఖించే అనుమతిని సమాజం ఇవ్వదు.

ఈ పిల్లలకు మరో పేరు బ్రిటన్‌లో ఏర్పడింది. 1990ల తొలినాళ్లలో లఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు జో ఆల్‌డ్రిజ్, సాల్ బెకర్ జబ్బుపడిన తల్లిదండ్రులకు సేవచేస్తున్న పిల్లలను కలిసి మాట్లాడారు. ఆ అధ్యయనం నాటింగ్‌హాంలోనే జరిగింది. దాని ఫలితాలు 1993లో అచ్చయ్యాయి. జన్యు పరిశోధకులు ఒక కుటుంబ రక్తంలో కారణాన్ని వెదికిన నగరంలోనే, సామాజిక శాస్త్రవేత్తలు బాల సంరక్షకులు అనే వర్గాన్ని గుర్తించారు. 1995లో బ్రిటన్ సంరక్షకుల చట్టం వయసుతో నిమిత్తం లేకుండా సంరక్షకుల అవసరాలను అంచనా వేయించుకునే హక్కు కల్పించింది. 2014 నాటి పిల్లల, కుటుంబాల చట్టం ఇంగ్లండ్‌లో బాల సంరక్షకుల అవసరాలను గుర్తించే బాధ్యతను స్థానిక ప్రభుత్వాల మీద పెట్టింది. బిడ్డను సాక్షిగానో, వాహకుడిగానో కాక, పనిచేస్తున్న మనిషిగా చట్టం చూసిన సందర్భమిది.

7. హైదరాబాదు అధ్యయనం, భారతీయ చట్టం, తెలుగు పలుకుబడి

2013లో హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ రోగుల ఆధారంగా సువర్ణ అల్లాడి, థామస్ బాక్ తదితరులు ప్రకటించిన అధ్యయనం ప్రపంచ ప్రసిద్ధమైంది. 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించగా, రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సుమారు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. భాషాశాస్త్రవేత్తలు ఈ ఫలితాన్ని విస్తృతంగా చర్చించారు. అందులోని మరో అంకె అంతగా చర్చకు రాలేదు. లక్షణాలు మొదలైన సగటు వయసు బహుభాషుల్లో 65.6 ఏళ్లు, ఏకభాషుల్లో 61.1 ఏళ్లు. ఆసుపత్రికి వచ్చినవారి లెక్కను సమాజమంతటికీ వర్తింపజేయలేము. అయినప్పటికీ 65 ఏళ్ల గీతను ఆధారం చేసుకుంటే, ఆ ఆసుపత్రికి వచ్చినవారిలో గణనీయమైన భాగం గీతకు ఇవతలే ఉన్నారని సగటులే సూచిస్తున్నాయి.

జాతీయ స్థాయి లెక్కలు ఈ భాగాన్ని చూపవు. 2023లో వెలువడిన అంచనా ప్రకారం దేశంలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఆ సర్వే 60 ఏళ్లు నిండినవారికే పరిమితం. అంతకు తక్కువ వయసు రోగి అందులో లేడు. రోగి లేనిచోట అతని పిల్లలూ ఉండరు.

చట్టాల సంగతి కూడా పరిశీలించదగినది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) తల్లిదండ్రులు అన్న మాటకు వయోపరిమితి పెట్టలేదు. నలభై ఏళ్ల తండ్రి కూడా దాని పరిధిలోకి రావచ్చు. అయితే పిల్లలు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం మైనర్లను మినహాయించింది. పోషణ భారం మైనరు మీద పడకూడదన్నది న్యాయమే. ఆ భారం నిజ జీవితంలో పడినప్పుడు ఏమి చేయాలన్నది మాత్రం ఆ చట్టం ఆలోచించిన విషయం కాదు. బాలల న్యాయ చట్టం (2015) రక్షణ, సంరక్షణ అవసరమైన బాలల్లో, అశక్తులైన తల్లిదండ్రులున్నవారిని చేర్చింది. అక్కడ బిడ్డ రక్షణ పొందవలసినదిగా కనిపిస్తుంది. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదంటుంది. దాని షెడ్యూలులో దీర్ఘకాలిక నాడీ వ్యాధుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్ పేర్లున్నాయి గాని డిమెన్షియా పేరు విడిగా లేదు. తండ్రి వృద్ధుడు కాడు, బిడ్డ వయోజనుడు కాడు. ఒక్కో చట్టం ఇంటిలో ఒక్కో మనిషిని చూస్తుంది. వారిద్దరి మధ్య తారుమారైన సంబంధం ఏ చట్టానికీ విషయం కాలేదు.

తెలుగు పలుకుబడి సైతం మతి తగ్గడాన్ని ముదిమికే ముడిపెట్టింది. ముసలి చాదస్తం, ముదిమి మతిమరుపు అన్న మాటలు వాడుకలో ఉన్నాయి. షష్టిపూర్తి ఒక గీత. ఆ గీతకు అవతల మతి తప్పితే ఇంట్లోవారు నవ్వుకుంటూనో, విసుక్కుంటూనో సర్దుకుంటారు. హిందీలో ‘సఠియానా’ అన్న క్రియ అరవై అన్న సంఖ్య నుంచే వచ్చింది. మానవశాస్త్రవేత్త లారెన్స్ కోహెన్ కాశీ నగరంలో చేసిన క్షేత్రపరిశీలన 1998లో గ్రంథంగా వచ్చింది. వృద్ధుల మతి చెడటాన్ని కుటుంబాలు చెడిపోవటానికి, అంటే పిల్లలు పట్టించుకోకపోవటానికి, గుర్తుగా భారతీయ సమాజం చదువుతుందని ఆయన చూపాడు. ఇవతలి గీత దగ్గర ఈ తర్కం కూడా పనిచేయదు. పన్నెండేళ్ల బిడ్డను నిర్లక్ష్యం చేసిన సంతానమని ఎవరూ అనరు. చాదస్తమన్న మాట నలభై ఐదేళ్ల మనిషికి అతకదు. అందువల్ల ఆ స్థానంలోకి పిచ్చి, తాగుడు, గాలి సోకడం, చేతబడి అన్న మాటలు వస్తాయి. ఆంతియోకియాలో ‘బొబేరా’ చేసిన పనే ఇక్కడ ఇవి చేస్తాయి. తేడా ఒక్కటే. వాళ్లకు ఆ వయసులో వచ్చే మతిక్షీణతకు ఒక ప్రత్యేకమైన పేరైనా ఉండేది.

8. ముగింపు

పై ఉదంతాలను వరుసలో పెట్టి చూస్తే సంతానం నాలుగు రూపాల్లో కనిపిస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కుటుంబ వివరంగా, న్యూయార్క్‌లో వయోజన సంరక్షకురాలిగా, నాటింగ్‌హాంలో పరిశోధనకు ప్రేరకురాలిగా, ఆంతియోకియాలో వాహకులుగా. ఈ వరుసలో జ్ఞానం పెరిగింది, సంతానం ప్రాధాన్యమూ పెరిగింది. అయితే ప్రతిసారీ వారిని చూసిన చూపు రోగం వైపు నుంచి వచ్చింది. బాల సంరక్షకులను గుర్తించిన చట్టాల్లో మాత్రమే ఆ చూపు బిడ్డ వైపు నుంచి మొదలైంది.

వయసు గీత నిర్వహణ సౌకర్యం కోసం ఏర్పడింది. 1910లో అది నడివయసు రోగిని విడిగా నిలబెట్టింది, 1976లో అదే రోగిని వృద్ధుల్లో కలిపివేసింది. రెండుసార్లూ గీత గీసినవారి ముందు ఉన్నది మెదడు. ఆ ఇంట్లో ఎవరెవరున్నారన్న ప్రశ్న గీతను నిర్ణయించలేదు. భారతీయ సందర్భంలో ఈ ప్రశ్న వేయడం కష్టమేమీ కాదు. సర్వేల్లో వయోపరిమితిని 60 నుంచి 40కి దించడం, ఆసుపత్రి దస్త్రంలో రోగి పిల్లల వయసులు నమోదు చేయడం, బడిలో ఉపాధ్యాయుడికి ఇంటి స్థితి తెలిసే మార్గం ఏర్పరచడం దాని తొలి రూపాలు కాగలవు. తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా మరో పని ఉంది. తెలుగునాట ఇటువంటి ఇళ్లలో పెరిగి ఇప్పుడు పెద్దవారైనవారి మౌఖిక చరిత్రలను, వారి అనుమతితో, గోప్యత కాపాడుతూ సేకరించవలసి ఉంది. థెక్లాను ఎవరూ అడగని ప్రశ్నను వారిని అడగడానికి ఇంకా వ్యవధి ఉంది.